పసితనంలో వేయించిన సూదులు ఎన్నాళ్ళు కాస్తాయి? బూస్టరు తప్పిపోయిన ఐదున్నరేళ్ళ బాబు సంగతి

తనయ_ఒడ్డు (పర్లాకిమిడి), సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా బాబుకి ఐదున్నర నిండింది. స్కూల్లో టీకా కార్డు తెమ్మన్నారు, వెతికితే రెండు కార్డులు దొరికాయి. పురుడు పాతపట్నం దగ్గర మా పుట్టింట్లో. బీసీజీ (క్షయ టీకా), 6, 10, 14 వారాల పెంటా (ఐదు జబ్బులకి ఒకటే) సూదులు అన్నీ తెలుగు కార్డులో ఉన్నాయి. తొమ్మిదో నెలకి ఇక్కడికొచ్చేశాం, తట్టు టీకా ఒడియా కార్డులో పడింది. రెండింట్లో వాడి పేరు రెండు రకాలుగా రాశారు, అదో గొడవ.

అసలు గొడవ వేరే. ఏడాదిన్నరకి వేయాల్సిన డీపీటీ (కంఠసర్పి అనే డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం మూడింటికీ) బూస్టరు గడి రెండు కార్డుల్లోనూ ఖాళీ. అప్పుడు కోవిడ్ భయంతో గడప దాటలేదు, తర్వాత ధ్యాస తప్పింది. మా అత్తగారేమో "మూడు దఫాలు పొడిపించారు, ఒంటికి పట్టేసుంటాది. ఇంకా ఏటి సూదులు, గుంటడిని ఏడిపించడానికి" అంటున్నారు.

పసితనంలో వేసినవి ఇప్పటికీ పనిచేస్తున్నట్టా, లేనట్టా? మళ్ళీ మొదటినుంచి వేయించాలా? ఉందో లేదో రక్త పరీక్షలో తెలుస్తుందా?

రాయగడ_సిస్టర్, సోమవారం రాత్రి 9:40

మొదటినుంచి అక్కర్లేదమ్మా. ఎంత ఆలస్యమైనా ఆగిన చోటనుంచే. వేసినవి లెక్కలోంచి పోవు. డీపీటీ 7 ఏళ్ళు నిండేలోపు వేస్తారు, ఆ తర్వాత డీపీటీ ఉండదు, టీడీయే (కోరింత దగ్గు లేకుండా మిగతా రెండింటికీ). మీ బాబుకి ఇంకా టైముంది గానీ వాయిదా వేయొద్దు. మమతా దివస్ (నెలనెలా ఊళ్ళో టీకాలు వేసే రోజు) నాడు రెండు కార్డులూ పట్టుకుని అంగన్వాడీకి వెళ్ళండి. తెలుగు కార్డు పారేయకండి, అదే మీకు సాక్ష్యం.

జయపురం_కిరాణా, సోమవారం రాత్రి 10:05

నాదొక అనుమానం, తప్పుగా అనుకోవద్దు. మా చిన్నప్పుడు తట్టు ఒకసారి పోసిందంటే జన్మలో మళ్ళీ పోయదు. ఈ సూదులు మాత్రం మూడు వేసి, ఏడాదిన్నరకి ఒకటి, ఐదేళ్ళకి ఒకటి, పదికి ఒకటి, పదహారుకి ఒకటి. ఒక్కసారితో ఆగని మందు ఏం మందండీ? అమ్ముకునేవాడి లెక్క కదా ఇది? కొట్టు నడిపేవాణ్ణి, నాకు ఈ లెక్క బాగా తెలుసు.

బరంపురం_లాబ్, సోమవారం రాత్రి 11:20

కిరాణా గారూ, అంగన్వాడీలో డీపీటీకి ఒక్క రూపాయి కూడా తీసుకోరు. ఆ సంగతి పక్కన పెడితే మీ అనుమానం మంచిదే. ఇన్నేళ్ళు సూక్ష్మజీవుల లాబ్‌లో పనిచేసినవాణ్ణి, నాకు తెలిసినంత చెబుతా.

తట్టు వైరస్. ఒళ్ళంతా పాకుతుంది, శరీరం దాన్ని బాగా గుర్తుపెట్టుకుంటుంది. మనం మాట్లాడుకుంటున్నవి బ్యాక్టీరియా జబ్బులు: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హిబ్ (మెదడు పొరల వాపు తెచ్చేది). వీటి తీరు వేరు. ధనుర్వాతమే తీసుకోండి. ఆ జబ్బు వచ్చి బతికి బయటపడ్డవాడికి కూడా రక్షణ రాదు. మనిషిని చంపడానికి ఆ విషం ఎంత కొంచెం చాలంటే, శరీరం దాన్ని గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేసుకోవడానికి ఆ మాత్రం సరిపోదు. అందుకే ధనుర్వాతం తగ్గినవాళ్ళకి కూడా టీకా వేస్తారు. జబ్బు ఇవ్వలేనిది టీకా ఇస్తోందన్నమాట.

ఇక పసిపిల్లల సంగతి. టీకా పడగానే రెండు రకాల కణాలు తయారవుతాయి. కొన్ని ఎముక మూలుగలో చేరి రాత్రీ పగలూ యాంటీబాడీలు వదులుతూ ఉంటాయి. ఇంకొన్ని జ్ఞాపకం పెట్టుకుని ఊరుకుంటాయి, శత్రువు మళ్ళీ కనబడితే అప్పుడు లేస్తాయి. మొదటివి ఊరి పొలిమేరలో మేలుకుని ఉన్న తలారులు. రెండోవి ఇంట్లో పడుకున్న మగాళ్ళు, దండోరా వేస్తే కర్రలు పట్టుకుని వస్తారు.

రెండు నెలల బిడ్డ ఎముక మూలుగలో ఆ తలారులకి నిలవనీడ తక్కువ. ఎక్కువమంది కొన్ని నెలల్లోనే పోతారు. పైగా తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఇంకా రక్తంలో తిరుగుతూ, టీకాని బిడ్డ శరీరం పూర్తిగా చూడకుండా కొంత అడ్డుపడతాయి. కాబట్టి పసితనపు మూడు డోసులు పని చెయ్యవని కాదు. బిడ్డ ప్రాణానికి ఎక్కువ ప్రమాదం ఉండే మొదటి ఏడాదిని అవి దాటిస్తాయి. తర్వాత మట్టం దిగుతూ వస్తుంది. ఏడాది దాటాక వేసే డోసుకి శరీరం ఇచ్చే జవాబు వేరే స్థాయిలో ఉంటుంది. అప్పటికి జ్ఞాపక కణాలు ముదురుతాయి, మూలుగలో చోటు కూడా దొరుకుతుంది.

జ్ఞాపకం ఉంటే చాలదా అని తర్వాత ఎవరో అడుగుతారు, అప్పుడు చెబుతా. ఇప్పటికే రాత్రయింది.

గుణుపురం_మాస్టారు, మంగళవారం ఉదయం 6:02

అమ్మా, నేను రిటైరైన బడిపంతుల్ని. శాస్త్రం నాకు తెలియదు గానీ కంఠసర్పి తెలుసు. నా తరువాతి వాడు, మా తమ్ముడు, నాలుగేళ్ళ పిల్లాడు. అరవైల్లో మాట. రెండు రోజులు జ్వరం, గొంతు నొప్పన్నాడు. మూడో నాటికి మెడ ఎద్దు మెడలా వాచిపోయింది. నోరు తెరిపిస్తే లోపల బూడిదరంగు పొర, గోడకి పట్టిన పాకుడులా ఉంది. మా అమ్మ గుడ్డతో తుడవబోతే రక్తం వచ్చింది. చిన్న రైలెక్కించి పర్లాకిమిడి తీసుకెళ్ళారు. అప్పట్లో గుణుపురం నుంచి పర్లాకిమిడి ఆ బుల్లి రైలుకి ఎంతసేపు పట్టేదో ఇప్పటి పిల్లలకి తెలియదు. దారిలోనే ఊపిరాడలేదు.

వాడి పేరు మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ పెట్టలేదు. వేయించమ్మా. మీ అత్తగారికి నా వయసే ఉంటుంది, ఆవిడకీ ఇలాంటిదేదో గుర్తుండే ఉంటుంది, నెమ్మదిగా అడిగి చూడు.

రాయగడ_సిస్టర్, మంగళవారం ఉదయం 7:30

మాస్టారూ, అరవైల దాకా పోనక్కర్లేదు. 2024 సెప్టెంబరులో మా జిల్లా కాశీపూర్ బ్లాకులో కంఠసర్పి అనుమానంతో పిల్లలు పోయారు. ఆ రోజుల్లో మేము కొండ ఊళ్ళన్నీ తిరిగి ఇంటింటా గొంతులు చూశాం, కార్డులు చూశాం. కార్డులు చూస్తుంటే నాకు తెలిసొచ్చింది ఒకటే: మొదటి మూడు గడులు నిండి ఉంటాయి, నాలుగో గడి దగ్గర చాలా కార్డులు ఆగిపోతాయి. బిడ్డ చంకలో ఉన్నప్పుడు తల్లి వస్తుంది. బిడ్డ నడిచి పరిగెత్తే వయసుకి తల్లి పనికి పోతుంది, లేకపోతే మొత్తం ఇల్లే ఇటుక బట్టీలకి పోతుంది. ఆరు నెలలకి తిరిగొస్తే గడి ఖాళీ.

కాశీనగర్_కోడలు, మంగళవారం ఉదయం 10:48

మాది మరో కథ. మేము ప్రైవేటులో నొప్పి లేని సూది వేయించాం. వేలల్లో అయింది, కానీ పాపకి జ్వరం రాలేదు, కాలు వాయలేదు. ఖరీదైనది కాబట్టి ఎక్కువ కాలం కాస్తుందనే అనుకున్నాను. నిజమేనా లాబ్ గారూ?

బరంపురం_లాబ్, మంగళవారం మధ్యాహ్నం 1:15

కాదమ్మా. కోరింత దగ్గు విషయంలో దాదాపు తిరగబడిన లెక్క అది.

సర్కారు సూదిలో కోరింత దగ్గు బ్యాక్టీరియా మొత్తం కణమే ఉంటుంది, చంపినది. అందుకే జ్వరం, వాపు. నొప్పి లేని దాంట్లో ఆ కణంలోంచి ఏరి తీసిన రెండు మూడు ముక్కలో ఐదో ఉంటాయి. అమెరికా తొంభైల్లో పూర్తిగా ఈ రెండో రకానికి మారింది. 2010లో కాలిఫోర్నియాలో కోరింత దగ్గు విరుచుకుపడి 9 వేలకు పైగా కేసులొచ్చాయి, 10 మంది పసికందులు పోయారు. జబ్బు పడ్డవాళ్ళలో అన్ని డోసులూ పడిన 8 నుంచి 11 ఏళ్ళ పిల్లలు చాలామంది ఉన్నారు. తర్వాత 2012లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం, ఐదో డోసు పడ్డాక ఏడాది గడిచేకొద్దీ జబ్బు పట్టే అవకాశం సగటున 42 శాతం చొప్పున పెరుగుతూ పోయింది.

మన దేశంలో పిల్లల వైద్యుల సంఘం కూడా కొన్నేళ్ళ క్రితం మొదటి మూడు డోసులకి పూర్తి కణం సూదే మేలంది. మీరు కంగారు పడొద్దు, వేసింది వృథా కాలేదు. బూస్టర్లు మాత్రం తప్పించకండి. ఒకరోజు జ్వరం ఖర్చు, నాలుగేళ్ళ నిబ్బరం లాభం, కిరాణా గారి భాషలో చెప్పాలంటే.

జయపురం_కిరాణా, మంగళవారం మధ్యాహ్నం 2:02

నా భాషలో చెప్పినందుకు సంతోషం. ఖరీదైన సరుకే నాణ్యమైనదని కస్టమర్లు అనుకోవడం మాకు కొత్త కాదు.

మీరు దాటేసింది అడుగుతున్నా. మగాళ్ళు ఇంట్లో పడుకుని ఉన్నారు కదా, దండోరా వేస్తే లేస్తారు కదా. మరి జ్ఞాపకం ఉంటే చాలదా?

బరంపురం_లాబ్, మంగళవారం రాత్రి 9:30

ఈ ప్రశ్నకి జవాబు ఇంగ్లండు చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది.

హిబ్ అని ఒక బ్యాక్టీరియా. పెంటా సూదిలోని ఐదింట్లో ఒకటి. పసిపిల్లల్లో మెదడు పొరల వాపు, నెమ్ము తెస్తుంది. 1992లో ఇంగ్లండు పసివాళ్ళకి 2, 3, 4 నెలల్లో ఈ టీకా మొదలుపెట్టింది, దాంతోపాటు నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ ఒకసారి వేసింది. జబ్బు దాదాపు మాయమైంది. జ్ఞాపక కణాలున్నాయి కదా, ఇక బూస్టరు ఎందుకని వేయలేదు. 1999 నుంచి కేసులు మళ్ళీ పెరగడం మొదలైంది, 2002కి బాగా పెరిగాయి, అదీ టీకా పడ్డ పిల్లల్లో. 2003లో నాలుగేళ్ళ లోపు వాళ్ళందరికీ ఇంకో డోసు వేసి అణిచారు. 2006 నుంచి ఏడాది వయసులో బూస్టరు మామూలైపోయింది.

మెనింజోకాకస్ సి (ఇదీ మెదడు పొరల వాపు తెచ్చే బ్యాక్టీరియానే) టీకా దగ్గరా ఇదే జరిగింది. 1999లో వేయడం మొదలుపెట్టారు. పసితనంలో మూడు డోసులు పడ్డ పిల్లల్లో ఏడాది తిరిగేసరికి రక్షణ బాగా దిగజారింది. వాళ్ళ రక్తంలో జ్ఞాపక కణాలు ఉన్నాయి, పరీక్షలో కనబడ్డాయి కూడా. అయినా జబ్బు పట్టింది.

ఎందుకంటే దండోరా వేసి, మగాళ్ళు లేచి, కర్రలు వెతుక్కుని వచ్చేసరికి నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఈ బ్యాక్టీరియా గొంతులో దిగిన కొద్దిరోజుల్లోనే రక్తంలోకి, అక్కణ్ణుంచి మెదడు పొరల్లోకి పోతుంది. కొన్నిసార్లు పొద్దున్న ఆడుకుంటున్న పిల్లాడు రాత్రికి ఉండడు. దొంగ పారిపోయాక వచ్చిన కర్రలు ఏం చేసుకోవాలి? ఇలాంటి వేగం ఉన్న జబ్బులకి పొలిమేరలో మేలుకుని ఉన్న తలారే కావాలి, అంటే రక్తంలో యాంటీబాడీ మట్టం. నెమ్మదిగా ముదిరే జబ్బులకైతే జ్ఞాపకం ఒక్కటీ కొంత కాపాడుతుంది. హెపటైటిస్ బి అలాంటిదే, అది వైరస్ అనుకోండి.

ఇంకోటుంది. హిబ్ మీదా, న్యుమోకాకస్ (నెమ్ము తెచ్చే ఇంకో బ్యాక్టీరియా) మీదా చక్కెర పొర ఉంటుంది. రెండేళ్ళ లోపు పిల్లల శరీరం వట్టి చక్కెరని శత్రువుగా లెక్కచేయదు, జ్ఞాపకమూ పెట్టుకోదు. అందుకే ఆ చక్కెరని ఏదో ఒక ప్రోటీనుకి అతికించి ఇస్తారు, చాలాసార్లు, కీడు చేయకుండా విరిచేసిన ధనుర్వాతం విషానికి, అంటే టాక్సాయిడ్‌కి. చేదు మాత్రని బెల్లంలో పెట్టి మింగించినట్టు. కాదు, ఇక్కడ తలకిందులు, చక్కెరనే వేరేదాంట్లో పెట్టి మింగిస్తున్నారు.

తనయ_ఒడ్డు, మంగళవారం రాత్రి 10:10

చదువుతుంటే గుండె దడ వచ్చింది. మరి మన కార్డులో ఏడాదిన్నర గడిలో హిబ్ లేదే? డీపీటీ అయితే ఉంది. మనకెందుకు వేయరు?

బరంపురం_లాబ్, మంగళవారం రాత్రి 10:41

బాగా పట్టుకున్నారు. సర్కారు పట్టికలో హిబ్ బూస్టరు లేదు. మనలాంటి దేశాల్లో హిబ్ తీవ్రంగా వచ్చేది ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే, ఆ కాలాన్ని మూడు డోసులు కాపాడతాయి. ఆఫ్రికాలోని గాంబియాలో కూడా మూడు డోసులతోనే నెట్టుకొచ్చారు. పిల్లల వైద్యుల సంఘం మాత్రం ఏడాదిన్నర దగ్గర హిబ్‌తో కలిసిన బూస్టరు వేయమంటుంది. మీ వాడికి ఐదు దాటింది, ఇప్పుడు హిబ్ కోసం పరిగెత్తక్కర్లేదు, ఆ వయసు దాటిన ఆరోగ్యవంతమైన పిల్లలకి ఎలాగూ వేయరు. నా ఉద్దేశంలో పట్టికలో ఉంటే బాగుండేదే, అది వేరే మాట.

రాయగడ_సిస్టర్, బుధవారం ఉదయం 7:15

లాబ్ గారూ, మీరు చెప్పేదంతా నిజమే. కానీ "పట్టికలో లేనిది" అనగానే కొందరు తల్లులు ఉన్నదాన్ని కూడా వదిలేసి ప్రైవేటు సూది కొనడానికి డబ్బు కూడబెట్టుకుంటూ కూర్చుంటారు, ఈలోగా నెలలు పోతాయి. నేను చూశాను. ముందు ఉచితంగా ఉన్నది పడనివ్వండి.

ఇంకోటి, న్యుమోకాకస్ టీకాకి బూస్టరు మన పట్టికలోనే ఉంది. 6 వారాలకి, 14 వారాలకి రెండు, 9 నెలలకి మూడోది. ఆ మూడోదే బూస్టరు. తట్టు టీకాతోపాటే వేస్తాం, అందుకే అది తప్పిపోయేవాళ్ళు తక్కువ. దీని వల్ల ఇంకో ఉపకారం, పిల్లల ముక్కులో ఆ సూక్ష్మజీవి మకాం తగ్గుతుంది. చిన్నోడికి వేస్తే పక్కన పడుకునే ముసలమ్మకి కూడా కొంత కాపు.

గంజాం_పెదనాన్న, బుధవారం ఉదయం 9:00

మా మనవరాలికి బీసీజీ మచ్చ పడలేదు. మళ్ళీ వేయించాలా? ఎడమ భుజం మీద చర్మం నున్నగా ఉంది.

బరంపురం_లాబ్, బుధవారం మధ్యాహ్నం 12:50

అక్కర్లేదండీ. మచ్చ రానంత మాత్రాన టీకా పట్టలేదని కాదు, మళ్ళీ వేయొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది.

బీసీజీ ఈ గుంపులో విచిత్రమైనది. బూస్టరే లేదు. పసిపిల్లలకి క్షయ మెదడుకి పాకకుండా, ఒళ్ళంతా చల్లుకోకుండా బాగా కాపాడుతుంది. పెద్దయ్యాక ఊపిరితిత్తుల క్షయని ఆపుతుందా అంటే, 1968లో మన చెంగల్పట్టులోనే మొదలుపెట్టి రెండున్నర లక్షల మందికి పైగా జనం మీద పదిహేనేళ్ళు చూశారు, ఆపలేదని తేలింది. మరోపక్క అమెరికా, అలాస్కా ఆదివాసుల్లో 1930ల్లో వేసిన బీసీజీ 50, 60 ఏళ్ళ తర్వాత కూడా సగం మేర కాపాడిందని తేలింది. అదే సూది, రెండు చోట్ల రెండు తీర్పులు. ఎందుకని మాత్రం నన్నడక్కండి, పెద్దపెద్దవాళ్ళే ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

జయపురం_కిరాణా, బుధవారం రాత్రి 8:20

సరే, ఓడిపోయాను అనుకోండి, సగం. ఇంకో సగం ఇది. పిల్లల టీకా ఐదేళ్ళకే అరిగిపోతుంటే మరి నలభై ఏళ్ళ నా సంగతేంటి? రోజూ రేకు డబ్బాలు కోసుకుంటూ ఉంటాను.

బరంపురం_లాబ్, బుధవారం రాత్రి 9:05

మీ సగం పెద్దదే. తొంభైల్లో సోవియట్ దేశాలు విడిపోయాక అక్కడ కంఠసర్పి చెలరేగి లక్షన్నరకు పైగా కేసులు, దాదాపు 5 వేల మరణాలు. వాళ్ళలో పెద్దవాళ్ళు చాలామంది, చిన్నప్పుడు టీకా పడి తర్వాత అరిగిపోయినవాళ్ళు. మన దగ్గర 10, 16 ఏళ్ళకి వేసే వట్టి ధనుర్వాతం సూది బదులు ఇప్పుడు టీడీ వేసేది అందుకే. అందులో కంఠసర్పి మోతాదు కొంచెం ఉంటుంది, పెద్దవాళ్ళకి తగ్గట్టు. డబ్బా కోసుకుని వెళ్ళినప్పుడు అడగండి, మీకూ అదే వేస్తారు.

తనయ_ఒడ్డు గారూ, రక్త పరీక్ష సంగతి మరిచాను. కంఠసర్పి, ధనుర్వాతం యాంటీబాడీలు కొలిచే పరీక్షలున్నాయి, పెద్ద లాబుల్లో. కానీ మట్టం తక్కువ వచ్చినా సూదే, ఎక్కువ వచ్చినా పట్టిక ప్రకారం సూదే. లాబ్‌లో పనిచేసిన నేనే చెబుతున్నా, ఆ డబ్బుకి పిల్లాడికి బూట్లు కొనండి.

తనయ_ఒడ్డు, శనివారం రాత్రి 8:45

వేయించాం. మా అత్తగారే చంకనెత్తుకుని తీసుకొచ్చారు. మాస్టారు గారి మాట వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, తన అక్క కూతురు గొంతు మూసుకుపోయి పోయిందని చెప్పారు. ఇన్నేళ్ళలో ఆ పిల్ల ఊసు ఎప్పుడూ ఎత్తలేదు.

అంగన్వాడీలో దీదీకి తెలుగు చదవడం రాదు, నేను చదివి చెబితే తేదీలన్నీ ఒడియా కార్డులోకి ఎక్కించింది. ఇది మొదటి బూస్టరు కింద రాసి, ఆరు నెలలు ఆగి రెండోది అంది. ఇక్కడి పిల్లల డాక్టరేమో నాలుగేళ్ళు దాటాక పడింది కాబట్టి ఇంకొకటి అవసరం లేదన్నారు. ఎవరి మాట వినాలి?

చెయ్యి ఎర్రగా వాచింది, రాత్రి జ్వరం, పారాసిటమాల్ సిరప్ వేశాను. ఇవాళ సైకిలెక్కాడు.

రాయగడ_సిస్టర్, శనివారం రాత్రి 9:10

డాక్టరు గారు చెప్పింది వాళ్ళ సంఘం లెక్క, దీదీ చెప్పింది సర్కారు లెక్క. నేనైతే సర్కారు లెక్క ప్రకారం వేస్తాను. ఆరు నెలలకి కూడా వాడికి 7 దాటవు. వాపు మీద ఏమీ రాయకండి, తడి గుడ్డ చాలు. అదనపు డోసుకి వాపు కాస్త ఎక్కువుండొచ్చు, దానికి భయపడొద్దు.

బరంపురం_లాబ్, శనివారం రాత్రి 9:32

సిస్టరుతో నేనూ ఏకీభవిస్తున్నా, ఈ ఒక్కసారికి.

తనయ_ఒడ్డు, శనివారం రాత్రి 9:50

అందరికీ దండాలు. ఒక్కటే మిగిలింది. రెండు కార్డులు ఒకటి చేశారు కదా, కొత్త దాంట్లో వాడి పేరు మూడో రకంగా రాశారు.